వందలో ఒకరిద్దరు.. చాలామందికి తెలియనే తెలియదు!

ఇంటర్వ్యూ అయిపోయింది. ఆఫర్ లెటర్ చేతికొచ్చింది. ఇక మిగిలింది మెడికల్ టెస్ట్ ఒక్కటే. ‘నాకేముంటుందిలే’ అనుకుంటూ రక్తం ఇచ్చి వస్తాం. రిపోర్టులో ‘హెచ్‌బీఎస్‌ఏజీ - రియాక్టివ్’ అని కనిపిస్తే? ఆ మాటకు అర్థమేంటో ల్యాబ్ మెట్ల మీద నిలబడి గూగుల్‌లో వెతుక్కోవాల్సిన పరిస్థితి ఎవరికీ రాకూడదు. వైరల్ హెపటైటిస్ మనం అనుకునేంత అరుదైనది కాదు. అలాగని అనుకునేంత భయంకరమైనదీ కాదు. ముందే తెలుసుకుంటే కెరియర్‌నూ, కాలేయాన్నీ రెండింటినీ కాపాడుకోవచ్చు.

ఒక్కసారి ఊహించుకోండి. జగిత్యాల దగ్గర ఒక ఊరు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పూర్తిచేసిన కుర్రాడు. గల్ఫ్‌లో ఉద్యోగం ఖాయమైంది. ఏజెంటుకు కట్టాల్సిన డబ్బుకి ఇంట్లో అప్పు కూడా చేశారు. చివర్లో వీసా మెడికల్. ఏ నొప్పీ లేదు, జ్వరం లేదు, రోజూ పొద్దున్నే పరుగెత్తే మనిషి. రిపోర్టులో మాత్రం ‘అన్‌ఫిట్’. కారణం హెపటైటిస్-బి. ‘నాకెలా వచ్చింది? ఎప్పుడొచ్చింది?’ అని అతడు అడిగితే చెప్పేవాళ్లుండరు.

ఇది ఊహే అయినా ఇలాంటి అనుభవం కొత్తేమీ కాదు. గల్ఫ్ సహకార మండలి దేశాలకు ఉద్యోగానికి వెళ్లేవారికి చేసే పరీక్షల్లో హెచ్‌ఐవీ, క్షయతో పాటు హెపటైటిస్-బి, సి కూడా ఉంటాయి. పాజిటివ్ వస్తే సాధారణంగా అన్‌ఫిట్‌గానే పరిగణిస్తారు. మన దగ్గర ఆసుపత్రి ఉద్యోగాల్లో, నర్సింగ్, ల్యాబ్ టెక్నాలజీ లాంటి కోర్సుల్లో చేరేటప్పుడు కూడా ఈ పరీక్ష అడుగుతుంటారు. అంటే చాలామంది యువతకు తమ శరీరంలో ఈ వైరస్ ఉన్న సంగతి మొదటిసారి తెలిసేది ఉద్యోగం గుమ్మం దగ్గరే.

ఎంతమందికి ఉంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 2022 నాటికి ప్రపంచంలో 25.4 కోట్ల మంది హెపటైటిస్-బితో, 5 కోట్ల మంది హెపటైటిస్-సితో జీవిస్తున్నారు. ఆ ఒక్క ఏడాదే వైరల్ హెపటైటిస్ వల్ల 13 లక్షల మంది చనిపోయారు. రోజుకి దాదాపు 3,500 మంది అన్నమాట.

మరి మన దేశంలో? అదే నివేదిక అంచనా ప్రకారం సుమారు 2.98 కోట్ల మందికి హెపటైటిస్-బి, 55 లక్షల మందికి హెపటైటిస్-సి ఉన్నాయి. జనాభాతో భాగిస్తే హెపటైటిస్-బి వందలో ఇద్దరికి, హెపటైటిస్-సి వెయ్యిలో నలుగురికి ఉన్నట్లు లెక్క.

ఇక్కడే ఒక చిక్కుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-4 (2015-16)లో భాగంగా సేకరించిన రక్త నమూనాల ఆధారంగా కేంద్రం మరో లెక్క ఇచ్చింది. దాని ప్రకారం హెపటైటిస్-బి 0.95 శాతం. హెపటైటిస్-సి యాంటీబాడీలు ఉన్నవారు 0.32 శాతం. అంటే బి వందలో ఒకరికి, సి వెయ్యిలో ముగ్గురికి.

ఒక లెక్క ఇంకోదానికి రెట్టింపు ఉందే! ఏది నిజం? రెండూ ఒకే పనిని వేర్వేరు దారుల్లో చేసినవే. ఒకటి ఎంపిక చేసిన ఇళ్లలోని పెద్దవారి రక్తాన్ని నేరుగా పరీక్షించి చెప్పింది. రెండోది ఎన్నో అధ్యయనాలను కలిపి, గణిత నమూనాలతో మొత్తం జనాభాకి వేసిన అంచనా. ఏ వయసువాళ్లను లెక్కలోకి తీసుకున్నారు, ఏ పరీక్ష వాడారు అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. పైగా దేశమంతా ఒకేలా ఉండదు. అండమాన్ నికోబార్ దీవుల్లోని కొన్ని ఆదిమ తెగల్లో హెపటైటిస్-బి దేశ సగటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పంజాబ్‌లో హెపటైటిస్-సి ఎంత సమస్య అయిందంటే, 2016లోనే ఆ రాష్ట్రం ఉచిత చికిత్స కోసం ప్రత్యేక పథకం పెట్టింది.

చిన్న అంకెనే తీసుకుందాం. మీ కాలేజీలో 2,000 మంది ఉన్నారనుకోండి. దేశ సగటు అక్కడా వర్తిస్తే హెపటైటిస్-బి ఉన్నవారు 19 మంది. పెద్ద అంకె తీసుకుంటే 40 మంది. క్యాంటీన్‌లో మీ పక్కన కూర్చున్నవాళ్లు కావచ్చు. మీరే కావచ్చు. ప్రపంచవ్యాప్తంగా హెపటైటిస్-బి ఉన్నవారిలో 2022 నాటికి పరీక్ష జరిగి విషయం తెలిసినవారు 13 శాతమే. అంటే వందమందిలో 87 మందికి తమకు వైరస్ ఉందనే తెలియదు.

ట్యాంకు లెక్క అర్థమైతే చాలు

‘మా ఊళ్లో ఏటా ఎవరో ఒకరికి కామెర్లు వస్తూనే ఉంటాయి. మరి వందలో ఒకరే అంటారేంటి?’ అనే సందేహం రావచ్చు. దీనికి సమాధానం హాస్టల్ పైన ఉండే నీళ్ల ట్యాంకులో ఉంది.

ట్యాంకులోకి గంటకి ఎన్ని నీళ్లు వస్తున్నాయన్నది ఒక లెక్క. ఈ క్షణంలో ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయన్నది ఇంకో లెక్క. మొదటిది ఇన్సిడెన్స్, అంటే కొత్తగా నమోదయ్యే కేసులు. రెండోది ప్రివలెన్స్, అంటే ఒక సమయంలో జనాభాలో ఉన్న మొత్తం కేసులు. పోటీ పరీక్షల్లో ఈ రెండింటినీ తారుమారు చేసి అడుగుతుంటారు కూడా.

హెపటైటిస్ వైరస్‌లు ఐదు: ఎ, బి, సి, డి, ఇ. వీటిలో ఎ, ఇ కలుషితమైన నీళ్లు, ఆహారం ద్వారా వస్తాయి. కళ్లు పచ్చబడతాయి, అన్నం సయించదు, వాంతులవుతాయి. కొన్ని వారాల్లో ఎక్కువమంది వాటంతట అవే కోలుకుంటారు. అంటే కుళాయి జోరుగా పారుతుంది, కానీ ట్యాంకుకి కింద పెద్ద రంధ్రం ఉంది. నీళ్లు నిలవవు. 1955-56లో ఢిల్లీలో యమునా నదిలోకి మురుగు చేరి, ఆ నీళ్లు కుళాయిల్లోకి రావడంతో దాదాపు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. అది ‘ఇ’ రకమని తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. గర్భిణులకు మాత్రం ‘ఇ’ ప్రాణాంతకం కావచ్చు.

బి, సి అలా కావు. ఇవి రక్తం ద్వారా సోకుతాయి. ఒంట్లో తిష్ఠ వేస్తే ఏళ్ల తరబడి ఉండిపోతాయి. కుళాయి చుక్కలు చుక్కలుగా కారినా, కింద రంధ్రం లేకపోతే ట్యాంకు నిండుతూనే ఉంటుంది కదా! అందుకే కొత్త కేసులు కళ్లకు కనిపించకపోయినా మొత్తం లెక్క కోట్లకు చేరింది. ఇక ‘డి’ అనేది ‘బి’ ఉన్నవారికే సోకుతుంది.

మన ఊళ్లలో కామెర్లనగానే ‘పసరు పోయించుకుంటే పోతుంది’ అంటారు. చాలామందికి నిజంగానే తగ్గుతుంది. ఎందుకంటే అది ఎ లేదా ఇ అయితే పసరు తాగినా తాగకపోయినా తగ్గేదే. పేరు పసరుకి వస్తుంది. అదే నమ్మకంతో బి, సి ఉన్నవాళ్లూ పరీక్ష చేయించుకోకుండా పసరుతో సరిపెట్టుకుంటే అసలు జబ్బు లోపల అలాగే ఉండిపోతుంది. దీర్ఘకాలిక హెపటైటిస్-బి, సి ఉన్న చాలామందికి కళ్లు పచ్చబడవు కూడా. కాలేయం గట్టిపడే సిరోసిస్ దశకో, క్యాన్సర్ దశకో వెళ్లాకే బయటపడుతుంది.

మీ తరానికి టీకా పడిందా?

ఇది ప్రతి ఒక్కరూ ఇంటికి ఫోన్ చేసి అడగాల్సిన ప్రశ్న. హెపటైటిస్-బికి టీకా ఉంది. మూడు డోసులూ పూర్తిచేసిన పిల్లలు, యువతలో 95 శాతం కంటే ఎక్కువమందికి రక్షణ లభిస్తుంది. అయితే ప్రభుత్వ సార్వత్రిక టీకాల కార్యక్రమంలోకి ఇది ఒక్కసారిగా రాలేదు. 2002లో కొన్ని నగరాలు, జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. 2007-08లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా పది రాష్ట్రాలకు విస్తరించింది. 2011 తర్వాతే దేశమంతటా అందింది.

ఇప్పుడు డిగ్రీ, ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు దాదాపుగా అంతకు ముందు పుట్టినవాళ్లే. ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు పెట్టి వేయించి ఉంటే సరే. లేదంటే మీకు ఈ టీకా పడి ఉండకపోవచ్చు. మీ తమ్ముడికో చెల్లికో పడి ఉంటుంది, మీకు కాదు!

ఈ టీకా కథలో మన తెలుగువాళ్ల భాగం పెద్దదే. 1990ల్లో హెపటైటిస్-బి టీకా విదేశాల నుంచి రావాలి. ధర సామాన్యుడికి అందదు. నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ.వరప్రసాద్ రెడ్డి చదివింది ఇంజినీరింగ్. జీవశాస్త్రం ఆయన సబ్జెక్టే కాదు. అయినా 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. 1997లో ‘షాన్‌వ్యాక్-బి’ పేరుతో దేశంలోనే తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకాను మార్కెట్లోకి తెచ్చారు. దిగుమతి టీకా ధరలో చిన్న భాగానికే అది దొరకడంతో మిగతా కంపెనీలూ దిగిరాక తప్పలేదు. ‘నా బ్రాంచి ఇది కాదు కదా’ అని ఆగిపోయే వాళ్లకు ఇందులో ఒక పాఠముంది.

ఎలా సోకుతుంది? ఎలా సోకదు?

హెపటైటిస్-బి ప్రధానంగా ప్రసవ సమయంలో తల్లి నుంచి బిడ్డకు, చిన్నతనంలో ఇతరుల నుంచి సోకుతుంది. వైరస్ ఉన్నవారి రక్తం అంటిన సూదులు, బ్లేడ్లు, టాటూ పరికరాల వల్ల, రక్షణ లేని లైంగిక సంబంధం వల్ల కూడా వస్తుంది. 2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో వాడిన సిరంజీలనే మళ్లీ వాడటం వల్ల హెపటైటిస్-బి ప్రబలి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. జ్వరం వస్తే ఎక్కడో ఒకచోట సూది వేయించుకుని వచ్చేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. కొత్త సిరంజీ ప్యాకెట్‌ను మీ కళ్ల ముందే విప్పమని అడగడం తప్పేమీ కాదు.

హాస్టల్ జీవితంలో ‘మనమంతా ఒకటే’ అంటూ రేజర్, ట్రిమ్మర్, నెయిల్ కట్టర్, టూత్‌బ్రష్ పంచుకుంటారు. అది వద్దు. కానీ కలిసి తినొచ్చు. ఒకే గదిలో ఉండొచ్చు. చేయి కలపొచ్చు, కౌగిలించుకోవచ్చు. దగ్గినా తుమ్మినా బి, సి సోకవు. ఒకే కంచంలో తిన్నా సోకవు.

వయసు కూడా ఇక్కడ కీలకం. పసితనంలో వైరస్ సోకితే 95 శాతం మందిలో అది దీర్ఘకాలికంగా ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే అలా ఉండిపోయేది 5 శాతం లోపే. అందుకే 20 ఏళ్లకు పాజిటివ్ అని తేలిన కుర్రాడినో అమ్మాయినో చూసి ‘ఏం తిరుగుళ్లు తిరిగాడో’ అనడం అన్యాయం. దీర్ఘకాలికంగా వైరస్ ఉన్నవాళ్లలో చాలామందికి అది ఊహ తెలియక ముందే వచ్చింది.

పాజిటివ్ వస్తే ఏం చేయాలి?

ముందు కంగారు పడొద్దు. రిపోర్టును దాచిపెట్టనూ వద్దు. ఒక్క స్క్రీనింగ్ పరీక్షతో అంతా తేలిపోదు.

హెపటైటిస్-బి అయితే: జనరల్ ఫిజీషియన్‌ను గానీ, గ్యాస్ట్రో ఎంటరాలజిస్టును గానీ కలవండి. రక్తంలో వైరస్ ఎంతుంది, కాలేయం పనితీరు ఎలా ఉంది అన్నవి మరికొన్ని పరీక్షలతో చూస్తారు. ఆరు నెలల తర్వాత కూడా వైరస్ ఉంటేనే దీర్ఘకాలికమంటారు. అందరికీ వెంటనే మందులు అవసరం పడవు. చాలామందికి క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకుంటే సరిపోతుంది. అవసరమైన వారికి రోజుకొక మాత్ర ఉంటుంది. వైరస్‌ను పూర్తిగా తీసేయలేకపోయినా అదుపులో ఉంచుతుంది. మద్యం జోలికి మాత్రం వెళ్లొద్దు. ఇంట్లో అమ్మానాన్నలకు, తోబుట్టువులకు కూడా పరీక్ష చేయించండి.

హెపటైటిస్-సి అయితే: యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు వైరస్ సోకిందని మాత్రమే అర్థం. కొందరిలో అది దానంతటదే పోతుంది. ఇప్పుడు వైరస్ ఉందో లేదో చెప్పేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. ఉన్నా భయం లేదు. సాధారణంగా 12 వారాల మాత్రలతో 95 శాతం కంటే ఎక్కువమందికి పూర్తిగా నయమవుతుంది. ఒక్క జాగ్రత్త. నయమయ్యాక కూడా యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ గానే చూపిస్తుంది. కాబట్టి ఆర్‌ఎన్‌ఏ నెగెటివ్ రిపోర్టును సర్టిఫికెట్లతో పాటు భద్రంగా దాచుకోండి. రేపు ఏ ఉద్యోగంలోనైనా అడిగితే చూపించేందుకు ఆధారం అదే.

ఈ రెండింటికీ పరీక్షలు, మందులు జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఉచితం. 2018 జులై 28న ఈ కార్యక్రమం మొదలైంది. జిల్లా ఆసుపత్రిలో గానీ, ప్రభుత్వ బోధనాసుపత్రిలో గానీ అడిగితే చికిత్స కేంద్రం వివరాలు చెబుతారు.

ఉద్యోగం మాటేంటి? నిజం చెప్పుకోవాలి. గల్ఫ్ లాంటి చోట్ల నిబంధనలు కఠినం. మన దగ్గర హెచ్‌ఐవీ ఉన్నవారిపై ఉద్యోగంలో వివక్ష చూపకూడదని 2017 చట్టం చెబుతోంది గానీ అది హెపటైటిస్‌కు వర్తించదు. చైనా 2010లో ఉద్యోగాలకు, కాలేజీ ప్రవేశాలకు హెపటైటిస్-బి పరీక్ష అడగడాన్నే నిషేధించింది. క్లాసురూములో, ఆఫీసులో పక్కన కూర్చున్నంత మాత్రాన సోకని వైరస్‌ను చూసి ఉద్యోగం కాదనడంలో అర్థం లేదు. ఆ మార్పు మన దగ్గరా రావాలి. అప్పటిదాకా మన చేతిలో ఉన్నది ఒక్కటే: అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టక ముందే పరీక్ష చేయించుకోవడం. ఫలితం ముందే తెలిస్తే ఏ దేశం, ఏ ఉద్యోగం అన్నది మనమే ఎంచుకోవచ్చు. గల్ఫ్ తలుపు మూసుకున్నా ఇక్కడి తలుపులన్నీ మూసుకోవు.

నర్సింగ్, ఎంఎల్‌టీ విద్యార్థులూ.. మీరు ఆగొద్దు

వార్డులో అడుగుపెట్టక ముందే టీకా పూర్తిచేయండి. టీకా లేని వ్యక్తికి వైరస్ ఉన్న సూది గుచ్చుకుంటే హెపటైటిస్-బి సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. హెపటైటిస్-సికి సుమారు 1.8 శాతం. హెచ్‌ఐవీకి 0.3 శాతం. అందరూ భయపడేది హెచ్‌ఐవీకి. ఎక్కువ సులువుగా సోకేది మాత్రం హెపటైటిస్-బి. మూడు డోసులూ అయ్యాక ఒకటి రెండు నెలల్లో యాంటీ-హెచ్‌బీఎస్ పరీక్ష చేయించుకుని రక్షణ వచ్చిందో లేదో చూసుకోండి. సూది గుచ్చుకుంటే సబ్బు, నీళ్లతో కడిగి వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పండి. ‘తిడతారేమో’ అని దాచొద్దు. టీకా లేనివారికి ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ వీలైతే 24 గంటల్లోపే పడాలి.

ఈ వారమే చేయాల్సినవి

1. ఇంటికి ఫోన్ చేసి హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పడ్డాయో లేదో అడగండి. టీకా కార్డు ఉంటే ఫొటో తెప్పించుకోండి.

2. హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ-హెచ్‌సీవీ పరీక్షలు ఒకసారి చేయించుకోండి. మామూలు రక్త పరీక్షలే ఇవి.

3. నెగెటివ్ వచ్చి, టీకా పడకపోయి ఉంటే మొదలుపెట్టండి. మొదటి డోసు తర్వాత నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల నాటికి పూర్తవుతుంది.

4. పాజిటివ్ వస్తే డాక్టర్‌ని కలవండి. పసరు వద్దు.

5. స్నేహితుడికి పాజిటివ్ వస్తే అతని గ్లాసు వేరు పెట్టకండి. ఆసుపత్రికి తోడు వెళ్లండి.

పోటీ పరీక్షల కోసం

* ప్రపంచ హెపటైటిస్ దినం: జులై 28. హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొన్న బరూచ్ బ్లంబర్గ్ పుట్టినరోజు ఇది. ఆయనకు 1976లో నోబెల్ వచ్చింది.

* హెపటైటిస్-సి వైరస్‌ను కనుగొన్నందుకు 2020 వైద్య నోబెల్: హార్వే ఆల్టర్, మైఖేల్ హౌటన్, చార్లెస్ రైస్.

* ప్రపంచ లక్ష్యం: 2030 నాటికి కొత్త ఇన్ఫెక్షన్లను 90 శాతం, మరణాలను 65 శాతం తగ్గించడం.

* ఎ, బిలకు టీకాలున్నాయి. సికి ఇప్పటికీ టీకా లేదు, మందు ఉంది.

ఈ లెక్కలు వేసేదెవరు?

వందలో ఒకరా ఇద్దరా అని తేల్చడం కూడా ఒక వృత్తే. దాన్ని ఎపిడెమియాలజీ అంటారు. వైద్యులే కానక్కర్లేదు. స్టాటిస్టిక్స్, మైక్రోబయాలజీ, నర్సింగ్, సోషల్ వర్క్ చదివినవారికీ చోటుంది. మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ కోర్సును హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, చెన్నైలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ లాంటి సంస్థలు అందిస్తున్నాయి. కుటుంబ ఆరోగ్య సర్వేలు నిర్వహించే ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ (ఐఐపీఎస్)లోనూ బయోస్టాటిస్టిక్స్, జనాభా అధ్యయన కోర్సులున్నాయి. అంకెలంటే ఇష్టం, మనుషులంటే అక్కర ఉన్నవారికి సరిపోయే రంగమిది.

రెజ్యుమె సిద్ధం చేసుకోవడానికి ఎన్ని రాత్రులు మేలుకుంటామో లెక్కలేదు. రక్త పరీక్షకి ఒక్క ఉదయం చాలు. ఆ ‘వందలో ఒకరిద్దరు’ మనమేనా కాదా అన్నది మెడికల్ టెస్ట్ రిపోర్టు చెప్పేదాకా ఆగక్కర్లేదు. ముందే మనమే తెలుసుకుందాం.